కార్డులో రేబిస్ స్టిక్కరు ఉందా?

పెంపుడు జంతువుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుల జవాబులు

ప్రశ్న: మా లాబ్రడార్ పిల్లకు నాలుగు నెలలు నిండాయి. ‘సెవెన్ ఇన్ వన్’ టీకా రెండుసార్లు వేయించాం. రేబిస్‌కు మళ్లీ విడిగా వేయించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేయించాలమ్మా, ఈ వారంలోనే. పేరులో ఏడు ఉంది కాబట్టి అన్నీ వచ్చేశాయనుకోవడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. ఆ ఏడింట్లో డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బుల టీకాలు ఉంటాయి. రేబిస్ మామూలుగా ఉండదు. ఒకసారి టీకా కార్డు తీసి చూడండి. డాక్టరు సీసా మీద నుంచి ఒలిచి అంటించిన చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఆ పేరులో రేబిస్ అనో, దానికి గుర్తుగా ‘ఆర్’ అనే ఇంగ్లిష్ అక్షరమో ఉంటేనే ఆ టీకా పడినట్టు. స్టిక్కరు లేకుండా పెన్నుతో తేదీ మాత్రమే రాసి ఉంటే, ఏం వేశారో డాక్టరును అడిగి రాయించుకోండి.

మొదటి రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. అంతకు ముందు తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో మిగిలి ఉండి, వేసిన టీకాను పనిచేయనివ్వదు. మూడు నాలుగు వారాల తర్వాత బూస్టరు, అంటే రక్షణను బలపరిచే మరో డోసు, ఆపైన ఏడాదికోసారి. కొన్ని టీకాల లేబుల్ మీద మూడేళ్లు పనిచేస్తాయని ఉంటుంది. అయినా వీధికుక్కలు గేటు దాకా వచ్చే మన ఊళ్లలో ఏటా వేయించమనే చెబుతాం. ఇంకో మాట: సూది పడిన రోజే రక్షణ రాదు, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా పిల్లను వీధిలోకి వదలకండి.

ప్రశ్న: మాది చిన్న పొమేరియన్, నాలుగు కిలోలు కూడా ఉండదు. సగం డోసు చాలదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలదు. పొమేరియన్‌కైనా గ్రేట్‌డేన్‌కైనా 1 మిల్లీలీటరే. జ్వరం మాత్రల్లా దీనికి బరువు లెక్క లేదు. ఒక డోసు సీసాను రెండు కుక్కలకు పంచితే రెండింటికీ రక్షణ ఉండదు. సూది పడ్డాక అరగంట ఆసుపత్రి దగ్గరే ఆగండి. ముఖం వాచినా, వాంతులైనా డాక్టరు వెంటనే చూసుకుంటారు.

ప్రశ్న: మెడికల్ షాపులో టీకా కొని, చల్లగా ఉండాలని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. మర్నాడు డాక్టరు గారు అది వేయనన్నారు. నిజంగా పాడైపోయిందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పాడైంది, వేయకపోవడమే మంచిదైంది. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు ఎంత పాడవుతుందో గడ్డకడితే అంతే పాడవుతుంది. చాలా రేబిస్ టీకాల్లో శక్తి పెంచడానికి అల్యూమినియం లవణం కలుపుతారు. గడ్డకట్టినప్పుడు ఆ లవణం ముద్దకడుతుంది, కరిగాక మళ్లీ మామూలుగా కలవదు. మంచి సీసాను ఊపి వెలుతురులో చూస్తే లోపలి మందు ఒకే తీరుగా మసకగా ఉంటుంది. గడ్డకట్టి కరిగిన సీసాలో పలుకులు కనిపిస్తాయి, కాసేపటికే అవి అడుగుకు దిగిపోతాయి. పలుకులు కనిపించకపోయినా, ఫ్రీజర్లో పెట్టారని తెలిస్తే పారేయాల్సిందే.

ఫ్రిజ్‌లో మధ్య అర మంచిది. తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతుంది. తీసుకెళ్లేటప్పుడు సీసాను కాగితంలో చుట్టి, ఐసు నేరుగా తగలకుండా థర్మాస్‌లో పెట్టండి. చొక్కా జేబులో వేసుకుని మే నెల ఎండలో వెళ్లడం వద్దు. అసలు ఆసుపత్రి ఫ్రిజ్‌లోంచి తీసిన టీకానే వేయించుకుంటే ఈ బాధ ఉండదు.

ప్రశ్న: ఆడుకుంటుంటే మా కుక్క పన్ను మా బాబు చేతికి గీరుకుని కొంచెం రక్తం వచ్చింది. కుక్కకు టీకాలన్నీ ఉన్నాయి. మా అత్తగారు పసుపు అద్దారు. బాబుకు ఇంజెక్షన్లు కావాలా? పదిరోజులు కుక్కను చూసి నిర్ణయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు ఆ పసుపు కడిగేయండి. ధారగా పడే నీళ్ల కింద, సబ్బుతో, గడియారం చూసుకుని 15 నిమిషాలు. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. ఏ నాటుమందూ చేయలేని పని ఇది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదైనా గాయాన్ని మండించి, కడగడానికి అడ్డమవుతుంది తప్ప వైరస్‌ను చంపదు. కడిగాక గాయాలకు రాసే క్రిమిసంహారక మందు పోవిడోన్ అయొడిన్ రాయండి, కట్టు కట్టకండి.

తర్వాత ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్కకు వేసిన టీకా కుక్కను కాపాడడానికి. అది సరిగ్గా నిల్వ చేసిందో కాదో, కుక్క ఒంట్లో పనిచేసిందో లేదో బయటికి కనిపించదు. దాన్ని నమ్ముకుని పిల్లవాడి టీకా మానకూడదు. పదిరోజుల లెక్క నిజమే. లాలాజలంలో వైరస్ ఉన్న కుక్కకు ఆ లోపలే జబ్బు బయటపడి చనిపోతుంది. అయితే ఆ లెక్క మొదలుపెట్టిన టీకాలను మధ్యలో ఆపవచ్చా అని డాక్టరు తేల్చుకోవడానికి, మొదటి డోసు వాయిదా వేయడానికి కాదు. ఈ పది రోజులూ కుక్కను ఇంట్లోనే కట్టి ఉంచి, తిండి, నీళ్లు, నడక గమనించండి. ఎవరికీ ఇచ్చేయకండి, ఎక్కడా వదిలేయకండి.

గాయాన్ని బట్టి చికిత్స మూడు రకాలు. చెక్కుచెదరని చర్మాన్ని నాకితే కడిగితే చాలు. రక్తం రాని గీతకు టీకా. రక్తం వచ్చినా, ఉన్న పుండును నాకినా, నోట్లోకో కంట్లోకో చొంగ పడినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు కూడా. మీ బాబుది ఈ మూడోది. టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది కాబట్టి, ఈలోగా వైరస్‌ను గాయం దగ్గరే పట్టి ఆపడానికి ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయం చుట్టూ, లోపలా ఎక్కిస్తారు. మనిషి రక్తం నుంచి తీసినదైతే ఒంటి బరువులో కిలోకు 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాను చర్మం పొరల్లో, రెండు చేతులకూ 0.1 మిల్లీలీటరు చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28. ‘0’ అంటే మొదటి సూది పడిన రోజు, కరిచిన రోజు కాదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా కొందరిలో ఉంది, ఆ పాత టీకా మన దేశంలో ఎప్పుడో పోయింది. పథ్యం ఏమీ లేదు. గర్భిణులూ వేయించుకోవచ్చు.

ప్రశ్న: నిన్న వీధికుక్క మా కుక్కను కరిచింది. మా కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నాం. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందు మీ చేతులకు గ్లౌజులు. బొచ్చు మీద ఆ వీధికుక్క చొంగ ఉండవచ్చు. తర్వాత గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, టీకా కార్డు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. టీకా గడువులోనే ఉన్నా వెంటనే బూస్టరు వేయించాలి. 45 రోజులు ఇంట్లోనే ఉంచి గమనించాలి. ఎప్పుడూ టీకా పడని కుక్కయితే మన దగ్గర సాధారణంగా 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు వేస్తారు. వేసినా హామీ లేదు. కనీసం నాలుగు నెలలు పిల్లలకు, ఇతర జంతువులకు దూరంగా కట్టి ఉంచాలి.

ప్రశ్న: రెండు రోజులుగా మా కుక్క దవడ వేలాడేసి చొంగ కారుస్తోంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమో. నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్తోంది కాబట్టి రేబిస్ కాదు కదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దయచేసి దాని నోట్లో చేయి పెట్టకండి. నీళ్లంటే భయం మనిషిలో కనిపించే లక్షణం. రేబిస్ వచ్చిన కుక్క గిన్నె దగ్గరికి వెళ్తుంది, మూతి ముంచుతుంది, గొంతు కండరాలు చచ్చుబడడంతో మింగలేక నీళ్లు జారిపోతాయి. అందరికీ తెలిసింది కనిపించినదాన్నల్లా కరిచే పిచ్చికుక్కే. ఇలా దవడ జారి, అరుపు మారి, మూలకు ముడుచుకునే రకం కూడా ఉంది. ఎముక ఉందేమోనని వెతికినవాళ్లకు ఎక్కువ ప్రమాదం దీనితోనే. ఎముక కూడా కావచ్చు, కానీ తేల్చాల్సింది డాక్టరే. గదిలో పెట్టి తలుపు వేసి ఫోన్ చేయండి. ఈ రెండు రోజుల్లోనూ, అంతకు ముందు పది రోజుల్లోనూ దాని చొంగ ఎవరెవరికి తగిలిందో రాసుకుని, వాళ్లందరినీ ఇవాళే ఆసుపత్రికి పంపండి.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. కుక్కను తీసుకెళ్లాలంటే ఏది ముందు చేయించాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మైక్రోచిప్, అంటే కుక్క చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్. అది పెట్టక ముందు వేసిన రేబిస్ టీకాను అమెరికా అధికారులు లెక్కలోకి తీసుకోరు. 2024 ఆగస్టు నుంచి ఉన్న నిబంధనల ప్రకారం కుక్కకు ఆరు నెలలు నిండాలి. మన దేశాన్ని రేబిస్ ముప్పు ఎక్కువున్న జాబితాలో పెట్టారు కాబట్టి టీకా పనిచేసిందో లేదో రక్తంలో చూసే యాంటీబాడీ పరీక్ష కూడా చేయించాలి. తొలి టీకా తర్వాత కనీసం 30 రోజులకు, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు రక్తం తీయించాలి. ఆ పరీక్ష లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. టికెట్ కొనేముందే ఈ తేదీలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా ఎప్పుడు వేస్తారు?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో శిబిరాలు పెడతారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా వేయించిన రోజు అది. సెప్టెంబరు 28 రేబిస్ దినం సందర్భంగా కూడా చాలాచోట్ల ఉంటాయి. తాడు, మూతికి కట్టే చిక్కం, పాత కార్డు వెంట తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు స్టిక్కరు అంటించారో లేదో చూసుకోండి.