గుండ్రంగా అల్లబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం మీ నాన్న ఫోను చేసి, నువ్వు 40వ నంబరు తెల్లదారం ఉండలు డజను తెప్పించుకున్నావనీ, హైదరాబాదులో కొత్త ఇంటి గృహప్రవేశం నాటికి భోజనాల బల్లమీద పరిచే గుండ్రటి కవరు నీ చేత్తోనే అల్లుతానంటున్నావనీ చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందులో సంతోషం ఎంతో, భయం ఎంతో నేనే తేల్చుకోలేకపోయాను. మన ఇంట్లో లేసు పని, అదే కొక్కెపు సూదితో దారం అల్లే క్రోషే, మీ నాయనమ్మతో మొదలై నాతో ఆగిపోయిందనుకున్నాను. 2024లో మన నరసాపురం లేసుకు, ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు కూడా అది ఎవరి సంగతో అన్నట్టు పేజీ తిప్పేశాను. నువ్వు సూది పట్టావని విన్నాక మాత్రం, పెట్టె అడుగున ఉన్న నా సూదులు తీసి తుడిచి పెట్టాను.

ముందుగా ఒక మాట విను: ఆ 40వ నంబరు దారాన్ని బీరువాలో దాచు. ఈ దారానికి నంబరు పెరిగినకొద్దీ సన్నబడుతుంది. నేర్చుకునే చేతికి అది సాలెపోగుతో సమానం. లేత రంగులో లావుపాటి నూలు, దానికి సరిపడా 4 మిల్లీమీటర్ల సూది కొనుక్కో. నల్లదారం వద్దు, కుట్టు ఎక్కడుందో కనిపించదు. మొదట చేయవలసింది బల్ల కవరు కాదు, కాఫీ గ్లాసు కింద పెట్టుకునే చిన్న బిళ్ళ. అలాంటివి పది అల్లి పారేసినా నష్టం లేదు.

రెండవది, పేర్ల గొడవ. మా ప్రాంతానికి ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. నేను నేర్చుకున్నవి ఇంగ్లండు పేర్లు. నువ్వు చూసే వీడియోలలో చాలావాటిలో అమెరికా పేర్లు ఉంటాయి. వారు సింగిల్ క్రోషే అనేది మాకు డబుల్. వారి డబుల్ మాకు ట్రెబుల్. ఏ దేశపు పేర్లతో రాశారో చూసుకోకుండా మొదలుపెడితే పని సగం ఎత్తుకో రెట్టింపు ఎత్తుకో పోతుంది. నీకు తికమక కలగకూడదని ఈ ఉత్తరంలో నేను కూడా అమెరికా పేర్లే వాడుతున్నాను, మా అమ్మ వింటే నవ్వేది.

మొదలు పెట్టడానికి ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ నాలుగైదు గొలుసు కుట్లు వేసి, చివరిదాన్ని మొదటిదానితో కలిపి ఉంగరం చెయ్యి. వేలికి దారం చుట్టి, తరువాత లాగి బిగించే పద్ధతి కూడా మంచిదే, కాని ఆ దారపు కొసను జానెడు వదిలి, చివర్లో రెండు దిక్కులకూ సూదితో గుచ్చి దాచకపోతే మొదటి ఉతుకులోనే నడిమధ్య కన్నం పడుతుంది.

ఇక అసలు లెక్క. గుండ్రని పని బల్లపరుపుగా ఉండాలంటే చుట్టు చుట్టుకూ ఎన్ని కుట్లు పెరగాలన్నదే అందులోని విద్య అంతా. నువ్వు బడిలో చదివినదే ఇది: వృత్తం చుట్టుకొలత దాని వ్యాసార్థానికి ఆరు రెట్ల కంటే కొంచెం ఎక్కువ. సింగిల్ కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కనుక, ఒక చుట్టు వేసిన ప్రతిసారీ అంచు ఇంచుమించు ఆరు కుట్ల మేర పెరగాలి. డబుల్ కుట్టు సుమారు రెట్టింపు ఎత్తు కనుక పన్నెండు పెరగాలి. అంటే డబుల్‌తో అల్లితే 12, 24, 36, 48. రెండవ చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి, మూడవ చుట్టులో ఒకటి విడిచి ఒకదానిలో రెండేసి, నాలుగవ దానిలో రెండు విడిచి ఒకదానిలో. ఈ పెంపు తక్కువైతే పని గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. ఎక్కువైతే చంటిపిల్ల గౌను అంచులా కుచ్చులు పడుతుంది. టోపీ అల్లేటప్పుడు నడినెత్తిన సరిపడే బిళ్ళ తయారవగానే పెంచడం ఆపి ఉన్న లెక్కతోనే దిగుతాము, అప్పుడు ఆ ముడుచుకోవడమే మనకు కావలసింది. ఒక చుట్టులో పెంచినచోటికి సరిగ్గా పైనే ప్రతి చుట్టులోనూ పెంచుతూ పోతే మూలలు తేలతాయి కనుక అప్పుడప్పుడు చోటు మార్చు.

ఇప్పుడు నీకు గట్టిగా చెప్పదలచినది చెబుతాను. డబుల్‌తో అల్లేటప్పుడు ప్రతి చుట్టు మొదట్లో మూడు గొలుసు కుట్లు వేసి ఎత్తుకు ఎక్కుతాము, ఆ మూడూ కలిసి ఒక కుట్టుగా లెక్క. చుట్టు పూర్తయ్యాక ఆ మూడవ గొలుసు తలమీదనే జారుకుట్టుతో, అంటే ఎత్తు పెంచకుండా కలిపే కుట్టుతో, కలపాలి. ఇది పుస్తకంలో ఒక వాక్యం. నాకు ఆ వాక్యం అర్థం కావడానికి ఒక సంవత్సరపు సంక్రాంతి పోయింది.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. మా ఊరి వీధిలో అరుగు అరుగుకూ లేసు పని జరిగేది. ఏజెంటు దారం తూచి ఇచ్చి, అయిన పని తూచి తీసుకునేవాడు. కొందరు చేతిపని చేసి ముక్కలు అల్లితే, ఆ ముక్కలను కలిపి కుట్టే అతుకుపని మా అమ్మ చేసేది. ఆ ఏడాది మొదటిసారి ఆరు పెద్ద చక్రాలు అల్లే పని నాకు ఇచ్చారు; వాటిని కలిపి ఒక బల్ల కవరు చేయాలి. నేను గొలుసులు ఎక్కేచోట ఆ మూడింటినీ ఒక కుట్టుగా ఎంచానేగాని, పెంపు కోసం అక్కడే దాని పక్కన వేయవలసిన జంట కుట్టును ప్రతి చుట్టులోనూ మరిచిపోతూ వచ్చాను. చుట్టుకు పన్నెండు పెరగవలసినచోట పదకొండే పెరిగాయి. రెండవ చుట్టులో 24కు బదులు 23. ఒక్క కుట్టే కదా, కంటికి ఆనదు. ఇరవయ్యవ చుట్టుకు 240 ఉండవలసినచోట 221 ఉన్నాయి. పందొమ్మిది కుట్లు తగ్గిన చక్రం ఎలా ఉంటుందో ఊహించుకో. ఆరింటికి ఆరూ చిన్న గిన్నెల్లా కూర్చున్నాయి.

అప్పుడైనా ఊడదీస్తే సరిపోయేది. పండుగ దగ్గరలో ఉంది, డబ్బులు వస్తే పరికిణీ గుడ్డ కొంటామని అమ్మ అన్నది. నేను ఎవరికీ చెప్పకుండా చిక్కటి గంజి పెట్టి, పరుపుమీద గుండుసూదులతో చుట్టూ లాగి గుచ్చి ఆరబెట్టి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో అణగదొక్కాను. అద్దంలా పరుచుకున్నాయి. అమ్మ వాటిని చూసి నా చేయి తిరిగిందని మురిసి, రెండు రాత్రులు కూర్చుని అతికింది. కొనేవారి దగ్గర వాటిని మళ్ళీ నీళ్ళలో వేశారు. గంజి పోయింది, ఆరు చక్రాలూ ఆరు బుడిపెలై లేచాయి. కవరు మొత్తం వెనక్కి వచ్చింది. మా అమ్మ అతుకుపని కూలీ పోయింది, దారం ఖరీదు కూడా తరువాతి లెక్కలో కోసుకున్నారు.

అమ్మ నన్ను కొట్టలేదు. చక్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కలిపినచోట ఏటవాలుగా ఎక్కిన గీత వెంట వేలితో రాస్తూ, "ఇదిగో, ఇక్కడ మర్చిపోయావు, ఇక్కడా, ఇక్కడా" అంటూ పైదాకా వెళ్ళింది. తరువాత అయిదు చక్రాలు నాచేతనే ఊడదీయించింది, ప్రతి చుట్టునూ పైకి లెక్కపెట్టమని పక్కన కూర్చుని. నేను ఏడుస్తూ లెక్క తప్పితే, మళ్ళీ మొదటినుంచి.

కాబట్టి బుజ్జీ, ప్రతి చుట్టు చివరా ఆగి లెక్కపెట్టు. మొదటి కుట్టుకు ఒక రంగుదారపు ముక్క తగిలించి, చుట్టు పూర్తవగానే దాన్ని పైకి మార్చుకో. కలపకుండా నత్తగుల్లలా చుట్టుకుంటూ పోయే సింగిల్ పనిలో అది మరీ అవసరం, ఎందుకంటే చుట్టు ఎక్కడ మొదలైందో అందులో ఆనవాలు ఉండదు. ఒకటి తక్కువ వస్తే అప్పుడే విప్పు. సినిమా చూస్తూ అల్లవచ్చని వీడియోలో చెప్పారట, అది నాలాంటి ముసలివాళ్ళకు. నువ్వు ఇంకా ఏడాది దాకా చూడకు.

ఇంకొకటి, నీకు చాదస్తంగా తోచినా సరే. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని, రాత్రి పదకొండింటికి మంచంమీద ఒరిగి సూది పట్టుకోవద్దు. మీ నాయనమ్మ లాంతరు వెలుగులో అతుకుపని చేసింది. యాభై నిండకముందే సూదిలోకి దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. లేసు వల్లనే అని ఏ డాక్టరూ చెప్పలేదు, నేను మాత్రం ఆ లాంతరును ఇప్పటికీ క్షమించలేదు. సెలవురోజు పొద్దుట కిటికీ పక్కన కూర్చో, అరగంటకొకసారి లేచి చెట్టువైపు చూడు. గృహప్రవేశానికి కవరు కాకపోతే కాకపోనీ, బల్ల ఎక్కడికీ పోదు.

అయిదు చక్రాలే ఊడదీయించిందని చెప్పాను కదా. ఆరవదాన్ని అమ్మ ఉంచేసింది. అంచు చుట్టూ పూసలు కుట్టి, ఎలాగూ గిన్నెలాగే ఉంది కదా అని పెరుగు గిన్నెమీద మూతగా వేసింది. ఆమె ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంది. మీ నాన్న వచ్చే వారం ఇక్కడికి వస్తున్నాడు, అతని చేతికి ఇచ్చి పంపుతాను. పూసలు రెండు ఊడిపోయాయి, మిగతాది గట్టిగానే ఉంది. గంజి మాత్రం పెట్టకు.

ఇట్లు,
మీ మేనత్త