పోకర్‌లో పోయిన రూ.64 వేలు: ముందు ఏ అప్పు తీర్చాలి?

ప్రశ్న: మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ. జెరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపులో చేస్తున్నా, జీతం రూ.19 వేలు. 2024 నవంబరు నుంచి 2025 ఆగస్టు దాకా రోజుకు మూడు గంటలు, నెలకు పాతిక రోజులు 2/5 రూపాయల టేబుల్‌పై (ప్రతి ఆటలో ఇద్దరు ముందే రూ.2, రూ.5 పందెం పెట్టాలి) యాప్‌లో పోకర్ అనే పందెం పేకాట ఆడాను. పోయినరోజు 5/10కి వెళ్లేవాణ్ణి. మొత్తం రూ.64 వేలు పోయాయి. అందులో రూ.30 వేలు అమ్మ గొలుసు కుదువపెట్టి తెచ్చినవి (ఏడాదికి 11 శాతం వడ్డీ), రూ.15 వేలు లోన్ యాప్‌లో తీసుకున్నవి (నెలకు 3 శాతం). పోకర్ యాప్ వాలెట్లో ఇంకా రూ.2,300 ఉన్నాయి. టెలిగ్రామ్‌లో ఒకతను విదేశీ సైట్ లింక్ పంపి, పోయిన పైసలు రాబట్టుకోవచ్చంటున్నాడు. ఈ నష్టాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా సార్?

జవాబు: ముందు వాలెట్లో ఉన్న రూ.2,300 సంగతి. ఆన్‌లైన్ మనీ గేమ్‌లను నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. దాంతో పెద్ద యాప్‌లు డబ్బుతో ఆడే టేబుళ్లు మూసేసినా, ఉన్న బ్యాలెన్స్ తీసుకునే వీలు మాత్రం ఉంచాయి. ఈరోజే విత్‌డ్రా పెట్టండి. పాన్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా లేకపోతే అక్కడే ఆగిపోతుంది. సిరొంచ వైపు చాలామందికి ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది, అది చూసుకోండి. బోనస్‌గా వేసిన మొత్తం చేతికి రాదు, దానికోసం వాదించి లాభం లేదు.

ఇక రాబట్టుకోవడం. మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. ఒక టేబుల్‌పై గంటకు 75 హ్యాండ్‌లు (ఒకసారి కార్డులు పంచి ఆడితే ఒక హ్యాండ్) నడిచాయనుకుంటే పది నెలల్లో మీరు ఆడినవి 56 వేల పైచిలుకు. ఆరుగురి టేబుల్, సగటు పాట్ (ఒక హ్యాండ్‌లో పోగయ్యే పందెం సొమ్ము) రూ.60, యాప్ కోత అంటే రేక్ 5 శాతం, గంటకు 50 పాట్‌లలో కోత పడిందనుకోండి. టేబుల్ మొత్తం మీద గంటకు రూ.150, మీ వంతు రూ.25. నెలకు రూ.1,875, పది నెలలకు రూ.18,750. ఎంత బాగా ఆడినా ఇది యాప్‌కు వెళ్లేదే. డిపాజిట్‌పై అప్పట్లో పడిన 28 శాతం జీఎస్టీని చాలా యాప్‌లు బోనస్ రూపంలో తిరిగి ఇచ్చేవి కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు.

రేక్ పోను మిగిలిన రూ.45 వేలు కార్డులు కలిసిరాక పోయాయని మీకు అనిపిస్తుంది. ఇన్ని హ్యాండ్‌లు ఆడాక, మిగతావాళ్లకు సమానంగా ఆడేవారి ఖాతా ఈ టేబుల్‌పై మామూలుగా రూ.12 వేలు అటో ఇటో ఊగుతుంది. బాగా చెడ్డకాలం నడిచినా రూ.24 వేలు. అంతకు మించి పోయిన రూ.20 వేల పైచిలుకు అదృష్టం ఖాతాలో రాయలేం. అది ఆటలో లోపం, మరీ ముఖ్యంగా పోయినరోజు 5/10కి వెళ్లడం. అక్కడ ఒక్క బై-ఇన్, అంటే టేబుల్‌పై కూర్చోవడానికి తెచ్చే సొమ్ము, రూ.1,000, అంటే మీ మామూలు టేబుల్‌పై రెండు బై-ఇన్‌లు. చిరాకు మీదున్నప్పుడు మీకంటే నిలకడగా ఆడేవాళ్ల మధ్యకు రెట్టింపు సొమ్ముతో వెళ్లి కూర్చున్నారు. అదే ఆటతో పోయింది తిరిగి వస్తుందని లెక్క ఎలా వేసినా తేలడం లేదు.

విదేశీ సైట్‌కు అసలు వెళ్లకండి. కొత్త చట్టంలో ఆడేవాళ్లకు శిక్ష లేదు. ఆటను నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా ఉన్నాయి. బ్యాంకులు ఈ లావాదేవీలు జరపకూడదు. అందుకే అలాంటి సైట్లు ఎవరెవరి పేర్ల మీదో ఉన్న యూపీఐ ఐడీలకు డబ్బు వేయమంటాయి, గెలిచినా అలాంటి ఖాతాల నుంచే వేస్తాయి. ఆ ఖాతాపై ఎక్కడో సైబర్ ఫిర్యాదు ఉంటే, మీ జీతం పడే ఖాతా కూడా హోల్డ్‌లోకి వెళ్తుంది. దాన్ని విడిపించుకోవాలంటే ఫిర్యాదు నమోదైన రాష్ట్రపు పోలీసులతో మాట్లాడాలి. మీ ఊరి నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం అన్నంత తేలిక కాదది.

అప్పుల్లో లోన్ యాప్‌దే ముందు తీర్చాలి. నెలకు రూ.4,000 కడితే నాలుగు నెలలకు సుమారు రూ.150 మిగులుతుంది, మొత్తం వడ్డీ రూ.1,150 లోపే. గడువుకు ముందు తీరిస్తే ఛార్జీ ఉందో లేదో అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (వడ్డీ, ఛార్జీలు రాసి ఇచ్చే కాగితం) చూడండి. అసలు ఆ కాగితమే ఇవ్వకపోతే ఆ యాప్ ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోని డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఉందేమో వెతకండి. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. మీ ఫోన్‌లోని నంబర్లకు ఫోన్ చేసి బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఈ నాలుగు నెలలూ గొలుసుకు వడ్డీ రూ.275 మాత్రం తప్పకుండా కట్టండి. తర్వాత ఆ రూ.4,000 కూడా కలిపి అటు మళ్లిస్తే అప్పటి నుంచి ఎనిమిదో నెలలో గొలుసు ఇంటికి వస్తుంది. అప్పు త్వరగా తీర్చాలని గొలుసుపై అదనంగా తీసుకోవద్దు.

పన్ను విషయంలో, పోకర్ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడమూ కుదరదు. ఒకే యాప్‌లో, ఒకే ఆర్థిక సంవత్సరంలో మాత్రం లెక్క నికరంగానే ఉంటుంది: తీసుకున్నది, మార్చి 31న మిగిలినది కలిపి, అందులోంచి వేసిన డిపాజిట్లు, ఏడాది మొదటి బ్యాలెన్స్ తీసేస్తారు. మిగులుంటేనే 30 శాతం పన్ను. మీ ఆట రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడింది కాబట్టి 2024-25, 2025-26 విడివిడిగా చూడాలి. మొదటి ఏడాది లాభం, రెండో ఏడాది నష్టం వచ్చి ఉంటే మొదటిదానికి పన్ను తప్పదు. యాప్ నుంచి స్టేట్‌మెంట్ దించుకుని, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పేరిట ఉండే ఏఐఎస్ (వార్షిక సమాచార పత్రం)లో టీడీఎస్, అంటే ముందే కోసిన పన్ను, పడిందేమో పోల్చండి. నికర గెలుపు ఉన్న ఏడాదికి ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి.

రాత్రిళ్లు ఆట మీదికే మనసు పోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు. ఆ టెలిగ్రామ్ గ్రూపు నుంచి బయటికి వచ్చేయండి, యూపీఐ రోజువారీ పరిమితిని రూ.2,000కు తగ్గించుకోండి.