2021 యూరో ఫుట్‌బాల్ ఫైనల్ ఓడాక ఇంగ్లండ్ అభిమానులు సొంత ఆటగాళ్లనే ఎందుకు తిట్టారు?

ఓటమి ఒక సాకు మాత్రమే. కోపం అంతకుముందే రాజుకుని ఉంది.

1966 ప్రపంచకప్ తర్వాత ఇంగ్లండ్ పురుషుల జట్టుకు పెద్ద టైటిల్ లేదు. ప్రతి టోర్నీకీ అక్కడి పత్రికలు కప్పు వచ్చేసినట్టే హడావుడి చేస్తాయి. 2021 జూలై 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇటలీతో ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. రాష్‌ఫర్డ్ కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. సాంచో, సాకా కొట్టినవి గోల్‌కీపర్ ఆపేశాడు. సాకాకి అప్పటికి 19 ఏళ్లే! ముగ్గురూ నల్లజాతి ఆటగాళ్లు. ఆ రాత్రే వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ నిండా కోతి బొమ్మలు, జాతి దూషణలు.

ఇక రాజకీయం. జాతి వివక్షకు నిరసనగా ఆటగాళ్లు మ్యాచ్‌కి ముందు మోకాలిపై కూర్చునేవారు. టోర్నీకి ముందే సొంత ప్రేక్షకులు కొందరు దాన్ని గేలి చేశారు. అప్పటి బ్రిటన్ హోం మంత్రి ప్రీతి పటేల్ అదంతా ఉత్తుత్తి రాజకీయమని తీసిపారేసి, గేలి చేయడం వాళ్లిష్టం అన్నారు. ఫైనల్ తర్వాత ఆవిడే దూషణలను ఖండిస్తే, డిఫెండర్ టైరోన్ మింగ్స్ ఊరుకోలేదు: ముందు నిప్పు రాజేసి, ఇప్పుడు అసహ్యం నటిస్తారా అని ట్విటర్‌లో నిలదీశాడు. నా దృష్టిలో అతని మాట అక్షరాలా నిజం. పైనుంచి అలాంటి సంకేతం వస్తే కింద నోళ్లు లేవడానికి ఎంతసేపు?

పేద పిల్లల ఉచిత భోజనం కోసం పోరాడి 2020లో ప్రభుత్వాన్నే దిగొచ్చేలా చేసిన రాష్‌ఫర్డ్‌ని, రాజకీయాలు మాని ఆట చూసుకోవాల్సిందని ఒక ఎంపీ ఎత్తిపొడిచి, తర్వాత క్షమాపణ చెప్పారు.

మాంచెస్టర్‌లో రాష్‌ఫర్డ్ బొమ్మ గీసిన గోడపై ఎవరో పిచ్చిరాతలు రాస్తే, స్థానికులు వాటి మీద ప్రేమగా రాసిన చీటీలు, జెండాలు అంటించి కప్పేశారు. ఇంగ్లండ్ అభిమానుల్లో వీళ్లూ ఉన్నారు.