జియావుద్దీన్ సర్దార్‌ని ఏ వరసలో చదవాలి?

ప్రశ్న: బ్రిటన్ రచయిత జియావుద్దీన్ సర్దార్ సైన్స్ విలేకరి అని ఒకరు, సాంస్కృతిక విమర్శకుడని ఇంకొకరు రాశారు. ఆయన ‘పోస్ట్‌మోడర్నిజం అండ్ ది అదర్’ మొదలుపెట్టి 40 పేజీలకే వదిలేశాను. ఎక్కణ్ణుంచి చదివితే బాగుంటుంది?

జవాబు: ఆయనకు ఆ రెండు పేర్లూ తగినవే. ఇబ్బంది మీరు ఎంచుకున్న పుస్తకంతోనే. వలసపాలన నేలను ఆక్రమిస్తే, ఆధునికత మనసులను ఆక్రమించిందనీ, ఏ ఒక్క సత్యమూ అందరికీ చెల్లదనే పోస్ట్‌మోడర్నిజం ఇతర సంస్కృతులను మొత్తంగానే మింగేస్తోందనీ 1998లో వచ్చిన ఆ పుస్తకం వాదిస్తుంది. ఈ ఆగ్రహం ఎక్కడ పుట్టిందో తెలియకుండా చదివితే వట్టి తిట్లలా ఉంటుంది.

అది పుట్టింది మక్కాలో. 1951లో పాకిస్తాన్ పంజాబ్‌లోని దీపాల్‌పూర్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన సర్దార్ భౌతికశాస్త్రం, ఇన్ఫర్మేషన్ సైన్స్ చదివి, 1970లలో సౌదీ అరేబియాలో, మక్కాకు దగ్గర్లోని జెడ్డాలో ఉన్న హజ్ పరిశోధన కేంద్రంలో చేరారు. యాత్రికుల రాకపోకలనూ వాహనాల రద్దీనీ అధ్యయనం చేయడం అక్కడి పని. కార్లకు దారి ఇవ్వడానికి పాత మక్కాను బుల్డోజర్లు నేలమట్టం చేయడం దగ్గర్నుంచి చూశారు. ఆ కూల్చివేత తర్వాతా ఆగలేదు: 2002లో 18వ శతాబ్దపు అజ్యాద్ కోటను పడగొట్టి గడియారపు టవర్ లేపారు. అభివృద్ధికి కొలబద్ద ఎవరిది? ఆయన విమర్శంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అందుకే ముందు ఆత్మకథ ‘డెస్పరేట్లీ సీకింగ్ పారడైజ్’ (2004) చదవండి. జెడ్డా రోజులు అందులోనే ఉన్నాయి, భాష కూడా తేలిక. తర్వాత, తూర్పు దేశాలనూ ఇస్లాంనూ పడమటివాళ్లు తక్కువచేసి చిత్రించిన తీరు మీద రాసిన ‘ఓరియెంటలిజం’ (1999). చిన్న పుస్తకమే, కానీ అదొక్కటే చదవొద్దు. పాలస్తీనా-అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లో అదే పేరుతో రాసిన పుస్తకం ముందుమాటైనా పక్కన పెట్టుకోండి. సయీద్ ప్రధానంగా 18వ శతాబ్దం చివరినుంచి నడిపిన కథను సర్దార్ క్రూసేడ్ల (మధ్యయుగాల క్రైస్తవ–ముస్లిం మతయుద్ధాల) కాలానికి తీసుకెళ్తారు. సయీద్‌కు ముందే ఇదే విమర్శ చేసిన పండితులకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదంటారు. సయీద్ మీద కాస్త ఎక్కువే విరుచుకుపడ్డారని నాకనిపిస్తుంది. ఆ తర్వాత మీరు వదిలేసిన పుస్తకం తీయండి, ఈసారి సాగుతుంది.

పాఠకులు తరచూ పొరబడేది ‘ది సటానిక్ వెర్సెస్’ నవల రాసిన సల్మాన్ రష్దీ విషయంలో. మెరిల్ విన్ డేవిస్‌తో కలిసి 1990లో రాసిన ‘డిస్టార్టెడ్ ఇమాజినేషన్’ ఆ నవలను గట్టిగా ఖండిస్తుంది. అంతమాత్రాన రష్దీని చంపమంటూ ఇరాన్ నేత ఖొమేనీ ఇచ్చిన ఫత్వాను సర్దార్ సమర్థించారనుకోవద్దు, దాన్నీ వ్యతిరేకించారు.

పుస్తకాలకు తీరిక లేకపోతే, 2012లో మొదలైన ఆయన త్రైమాసిక ‘క్రిటికల్ ముస్లిం’ ఉంది. ప్రతి సంచికా ఒకే అంశం మీద వస్తుంది కాబట్టి వరుస సంఖ్య పట్టించుకోకుండా మీకు నచ్చిన అంశం ఉన్న సంచిక తెచ్చుకోండి.