మల్లెపాదు కింద గుంత

ప్రశ్న: అన్నా, మాది కడప. మా రాణి నాటు కుక్క, ఏడాదిన్నర వయసు, ఇంట్లో అందరికీ ప్రాణం. కానీ ఉగాది దాటినప్పటి నుంచి పెరడంతా గుంతలే. నీళ్ళ ట్యాంకు పక్కన మా జేజి తన చేత్తో నాటిన మల్లెచెట్టుంది, దాని వేర్లు బయటపడేదాకా తవ్వింది. గులాబీలకు ఆముదపు పిండి వేస్తే మర్నాటికి మూడు చెట్లూ పీకి పడేసింది. మా ఆయన గొలుసుతో కట్టేయమంటాడు, మా అత్త కారంపొడి చల్లమంటుంది. నేను సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గుంత చూపించి కొట్టినా మానడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ఆముదపు పిండి సంగతి చూడండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది, నూనె తీసేసినా అది పిండిలోనే మిగిలిపోతుంది. ఆ వాసన కుక్కలకు చాలా ఇష్టం, అందుకే మీ రాణి గులాబీల మీద పడింది, చెట్ల మీద కోపంతో కాదు. అది తింటే వాంతులు, రక్త విరేచనాలు మొదలై ప్రాణం పోయే ప్రమాదం ఉంది, దానికి విరుగుడు మందు లేదు. కాబట్టి పాదుల్లో మిగిలిన పిండిని పైమట్టితో సహా ఎత్తి పారేయండి, మూట ఉంటే ఇంట్లోనే ఉంచకండి. తిన్నదేమో అని అనుమానం వస్తే వాంతులయ్యేదాకా ఆగకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గులాబీలకు బాగా మాగిన పశువుల ఎరువు చాలు. శెనక్కాయ చెక్క కూడా వద్దు, దాని వాసనకూ తవ్వుతాయి, బూజు పట్టిందయితే అదీ విషమే.

ఇక మల్లెపాదు. ఉగాది తర్వాత మొదలైందని మీరే రాశారు, అసలు కారణం అందులోనే ఉంది. కడప ఎండ నలభై డిగ్రీలు దాటితే మనకే ఊపిరాడదు, కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని దారి. ట్యాంకు కారి ఎప్పుడూ తడిగా ఉండే చోటు ఆ మల్లె మొదలే అయి ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం చప్పుడు చేయకుండా వెళ్ళి చూడండి, పైన ఎండిన మట్టి తోసేసి, కింద చల్లటి మట్టి తగలగానే వెనక కాళ్ళు బార్లా చాపి, వెంట్రుకలు తక్కువుండే పొట్టను గుంతకు ఆనించి పడుకుంటుంది. మా కుక్క ఏళ్ళ తరబడి చేసిన పని ఇదే, తిట్టినన్నాళ్ళూ నాకు అర్థం కాలేదు, అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి దానికంటూ ఒక గుంత మీరే ఇవ్వండి. వేపచెట్టు కిందో గోడ నీడలోనో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తవ్వి ఇసుక, మట్టి కలిపి నింపి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటే వాళ్ళు ఒకసారి నీళ్ళు చల్లండి. మొదటి వారం అందులో బంతో జొన్నరొట్టె ముక్కో పైపైన పూడ్చి, దాని ముందే వెతికించండి. అక్కడ తవ్వితే మెచ్చుకోండి. మల్లె దగ్గర తవ్వుతుండగా కంటపడితే ‘వద్దు’ అని గట్టిగా అని, ఆ గుంత దగ్గరికి తీసుకెళ్ళండి. సాయంత్రం కొట్టడం మాత్రం మానేయండి, పొద్దున తవ్విన గుంతకు ఇప్పుడు దెబ్బలు పడుతున్నాయని దానికి తెలియదు, మీరు ఇంటికొస్తే దెబ్బలు పడతాయని మాత్రమే తెలుస్తుంది.

చెట్లకు కాపలాగా మన కడప బండల ముక్కలే పెట్టండి. కాండానికి జానెడు దూరం వదిలి చుట్టూ పరిచి, పైన రెండు వేళ్ళ మందం మట్టి కప్పాలి, ఉత్త బండ అయితే ఎండకు కాలి దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. రెండు గీతలు గీకేసరికి గోళ్ళకు రాయి తగులుతుంది, వదిలేస్తుంది. కారంపొడి వద్దు, కళ్ళు, ముక్కు మండి అల్లాడుతుంది. రోజంతా గొలుసు అసలే వద్దు, విసుగు పెరిగి విప్పగానే రెట్టింపు తవ్వుతుంది. దానికి బదులు పొద్దున ఏడు లోపు అరగంట, పొద్దు గూకాక అరగంట మీ ఆయన్నే నడిపించి తీసుకురమ్మనండి.

గుంతలు ప్రహరీ వెంబడే ఉంటే మాత్రం పందికొక్కు బొరియ ఉందేమో చూసి మూయించండి, ఎలుకల మందు పెట్టకండి, అది కుక్క నోట్లోకే పోతుంది. ఇంకొకటి, రాణికి పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించకపోతే, ఎదకు వచ్చిన రెండు నెలలకు కడుపు లేకపోయినా మూలల్లో తవ్వుకుని పడుకోవచ్చు, అలా కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

జేజి మల్లెను ఈ సాయంత్రమే చూసుకోండి. బయటపడిన వేర్ల మీద మట్టి కప్పి, కొమ్మలు సగానికి కత్తిరించి, వారం రోజులు మధ్యాహ్నం పూట పాత చీర నీడ కట్టి తడి ఆరకుండా ఉంచండి. కాండం గోటితో గీకి చూసినప్పుడు లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. చిగుర్లు కనిపించాక రాయండి చెల్లెమ్మా, ఎదురుచూస్తుంటాను.