మాంత్రికుడు ఒక్కడే గెలిపిస్తుంటే విశ్రాంతులు సరిచూడండి

మీరు నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలుగా మారి కథను ఆడే ఆట) చంద్రగిరి కోట కథలో మాంత్రికుడే ప్రతి పోరాటాన్నీ ముగించడానికీ, యోధుడిగా ఆడుతున్న మిత్రుడు విసుగు చెందడానికీ కారణం రోజుకొక్క పోరాటం పెట్టి వెంటనే రాత్రి విశ్రాంతి ఇవ్వడమే. దాన్ని సరిచేయాలని యోధుడి కత్తికి మీరు పెంచిన దెబ్బను ముందు తీసివేయండి. అది కొత్త చిక్కులు తెస్తుంది.

ఈ ఆట 5వ ఎడిషన్‌లో 5వ స్థాయి మాంత్రికుడికి ఫైర్‌బాల్ (ఒకేసారి పలువురిని కాల్చే అగ్నిగోళ మంత్రం) వేయగల స్లాట్లు (మంత్రం వేస్తే ఖర్చయ్యే, రాత్రి విశ్రాంతితో తిరిగి నిండే అవకాశాలు) 2 మాత్రమే ఉంటాయి, చిన్న విశ్రాంతిలో రోజుకొకసారి ఇంకొకటి దక్కవచ్చు. యోధుడి యాక్షన్ సర్జ్ (తన వంతులో అదనంగా ఇంకో చర్య చేసే శక్తి) మాత్రం ప్రతి చిన్న విశ్రాంతికీ తిరిగి వస్తుంది. ఈ ఎడిషన్ 2014 నియమాలు కథలోని రోజుకు 6 నుంచి 8 పోరాటాలను దృష్టిలో పెట్టుకున్నాయి.

చాలామంది వదిలేసే అంశం ఇది: ఆటలోని రోజు, మీరు తిరుపతిలో కలిసి కూర్చునే ఆదివారం ఒకటి కావు. రెండు మూడు గంటల్లో అన్ని పోరాటాలు సాగవు కనుక, ఒకే కథాదినాన్ని రెండు మూడు వారాలకు నిస్సంకోచంగా పొడిగించండి.

1. ఆట ఆపేటప్పుడు మిగిలిన స్లాట్లు, ప్రాణబలం రాయించండి. వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెట్టండి.
2. రెండేసి పోరాటాల తరువాత కథలో గంటసేపు చిన్న విశ్రాంతి ఇవ్వండి.
3. శత్రువులను రాజమహల్ గదుల్లో విడివిడిగా నిలపండి. గుంపుగా ఉంటేనే ఫైర్‌బాల్ అందరినీ కాలుస్తుంది.