టెక్ సందేహాలు: తాతగారి డబ్బా కెమెరా ఇంకా పనిచేస్తుందా?

ప్రశ్న: అటక సర్దుతుంటే తాతయ్య వాడిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా దొరికింది. బటన్ నొక్కితే టక్కున శబ్దం వస్తోంది. దీంతో ఇప్పుడు ఫోటోలు తీయొచ్చా? రీళ్లు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: తీయొచ్చు, రీళ్లూ దొరుకుతాయి. అయితే కెమెరా ఇంకా తెరవకపోతే మాత్రం తొందరపడి తెరవకండి. వెనకవైపు ఎర్రటి చిన్న కిటికీ ఉంటుంది. అందులో అంకె కనిపించినా, గీతలున్న కాగితం కనిపించినా లోపల రీలు ఉన్నట్టే. అప్పుడు కిటికీకి వెలుతురు తగలకుండా చూసుకుంటూ, రీలు తిప్పే నాబ్‌ను నెమ్మదిగా తిప్పుకుంటూ పోండి. కాగితమంతా చుట్టుకున్నాక నాబ్ ఒక్కసారిగా తేలికవుతుంది. వెలుతురు తక్కువున్న గదిలో రీలు బయటకు తీసి, వదులు కాకుండా అంచును టేపుతో అంటించి, నల్ల కవరులో పెట్టండి. ల్యాబ్‌కు పంపేటప్పుడు చాలా పాత రీలని చీటీ రాసి పెట్టండి. బ్లాక్ అండ్ వైట్ అయితే దశాబ్దాల తర్వాత కూడా మసకమసకగా ఏదో ఒకటి బయటపడే అవకాశం ఉంది. కలర్ రీలు మీద అంత ఆశ పెట్టుకోకండి. ఏదేమైనా తాతయ్య తీసి కడిగించకుండా వదిలేసిన ఫోటోలకు ఇదే ఆఖరి అవకాశం కాబట్టి ఈ జాగ్రత్త చెబుతున్నాను.

రీలు లేకపోతే ఇక కెమెరా సంగతి చూద్దాం. మన దేశంలో అమ్మిన క్లిక్ 3లు బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ అనే కంపెనీ తయారు చేసినవి. బ్యాటరీ లేదు, లైట్ మీటర్ లేదు, ఫోకస్ రింగు లేదు. చెడిపోవడానికి లోపల ఏమైనా ఉంటే కదా! వెనక మూత తీసి, కెమెరాను వెలుతురు వైపు పట్టుకుని బటన్ నొక్కండి. లెన్సులోంచి చిన్న మెరుపులా వెలుగు కనిపించిందంటే షట్టర్ (ఫోటో తీసే క్షణంలో తెరుచుకుని మూసుకునే తెర) పనిచేస్తున్నట్టే. లెన్సు మీద సాలెగూడు లాంటి మచ్చలుంటే అది బూజు. కొద్దిగా ఉంటే ఫోటో మీద పెద్దగా తేడా తెలియదు. ఎక్కువుంటే లెన్సు క్లీనింగ్ ద్రవంలో ఇయర్ బడ్ తడిపి మెల్లగా తుడవండి. స్పిరిట్, శానిటైజర్ మాత్రం వద్దు. ప్లాస్టిక్ లెన్సయితే మసకబారిపోతుంది.

దీనికి 120 రకం రీలు కావాలి. కొడాక్ కంపెనీ 1901లో తెచ్చిన ఈ సైజు ఇప్పటికీ తయారవుతోంది. ఇల్ఫర్డ్, కొడాక్, ఫోమా రీళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీ కెమెరాలో ఒక రీలుకు 12 చదరపు ఫోటోలు వస్తాయి. రీలు చుట్టుకోవడానికి అవతలి వైపు ఒక ఖాళీ స్పూలు ఉండాలి, లేకపోతే పని జరగదు. పాతది పోయి ఉంటే ల్యాబ్ వాళ్లను అడగండి, వాళ్ల దగ్గర పోగుపడి ఉంటాయి. (ఇదే ప్రశ్న కొడాక్ బ్రౌనీ గురించి కూడా వచ్చింది. చాలా బ్రౌనీలకు కావాల్సింది 620. ఫిల్మ్ ఒకటే అయినా స్పూలు సన్నం. కొనేముందు కెమెరా లోపల ఏం రాసి ఉందో చూడండి.)

ఇక ఐఎస్ఓ, అంటే రీలు వెలుతురును ఎంత తొందరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. అంకె పెద్దదైతే తక్కువ వెలుతురే చాలు. ఇక్కడే చాలామంది పొరపడతారు. పాత కెమెరా కదా, వెలుతురు ఎక్కువ కావాలేమో అని 400 కొంటారు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఐఎస్ఓ 100 రీలుకు ఎఫ్/16 అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), సెకనులో వందో వంతు షట్టర్ సరిపోతాయి. క్లిక్ 3 షట్టర్ అంతకంటే చాలా నిదానం, సుమారు సెకనులో ముప్పయ్యో వంతు. అపర్చర్ కూడా ఎఫ్/16 కంటే పెద్దది. అంటే 100 రీలు మీదే అవసరానికి మించి వెలుతురు పడుతుంది. నెగెటివ్ ఫిల్మ్ ఆ మాత్రం ఎక్కువను తట్టుకుంటుంది. 400 వేసి మే నెల మధ్యాహ్నం తీస్తే మాత్రం నెగెటివ్ నల్లగా దిట్టంగా తయారై స్కాన్ చేయడమే కష్టమవుతుంది. కాబట్టి 100 తీసుకోండి. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ఎండ దీనికి బాగా నప్పుతుంది. ఇంట్లో ట్యూబులైటు కింద తీయాలనుకుంటే ఆ రీలు దండగే.

నీడలోకి వెళ్లి రీలు ఎక్కించండి. ఎర్ర కిటికీలో 1 కనిపించగానే ఆపి, కిటికీ మీద నల్ల టేపు ముక్క అంటించండి. ఎరుపు వెలుతురు సోకని ఫిల్ములు వాడిన కాలంలో పెట్టిన కిటికీ అది. ఇప్పటి ఫిల్ములకు ఎరుపూ తగులుతుంది. ప్రతి ఫోటో తర్వాత నీడలోనే టేపు ఎత్తి, తర్వాతి అంకె వచ్చేదాకా తిప్పి, మళ్లీ మూసేయండి. తిప్పడం మర్చిపోతే కెమెరా ఏమీ అనదు, హాయిగా ఒకే ఫ్రేము మీద రెండో ఫోటో కూడా తీసేస్తుంది. గోపురం మీద అత్తయ్య ముఖం రావడం ఇలాగే. కొందరు కావాలనే అలా తీస్తారు.

మనుషులను తీసేటప్పుడు కనీసం పదడుగుల దూరంలో నిలబెట్టండి, అంతకన్నా దగ్గరైతే ముఖం పొగమంచులో ఉన్నట్టు వస్తుంది. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, బటన్‌ను మెత్తగా నొక్కండి. ఫోన్ తెర మీద తట్టినట్టు తడితే పన్నెండూ కదిలిపోతాయి.

కడిగించడం ఇప్పుడు మన వీధి చివరి స్టూడియోలో అయ్యే పని కాదు. పెద్ద నగరాల్లో కొన్ని ల్యాబ్‌లు కొరియర్‌లో రీళ్లు తీసుకుని, కడిగి, స్కాన్ చేసి మెయిల్లో పంపుతున్నాయి. 120 సైజు, బ్లాక్ అండ్ వైట్ చేస్తారా అని ముందే అడగండి. రీలు, కడగడం, స్కాన్, కొరియర్ అన్నీ కలిపితే ఫోటోకు వంద రూపాయలు దాటడం మామూలే.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో హోల్గా, డయానా కెమెరాల ఫోటోలు చూసి ముచ్చటపడ్డాను. ప్లాస్టిక్ కెమెరాకు అంత ధరేంటి? కొనొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండూ హాంకాంగ్‌లో పుట్టిన చవక కెమెరాలే. డయానా 1960ల నాటిది, అమెరికాలో డాలరుకు అటూఇటుగా అమ్మేవారు. హోల్గా 1982లో వచ్చింది. ప్లాస్టిక్ లెన్సు, మూలల్లో నలుపు, అతుకుల్లోంచి దూరే వెలుతురు, అన్నీ నిజానికి లోపాలే. హోల్గా మీద సూర్యుడు, మబ్బు బొమ్మలతో ఒక మీట ఉంటుంది. పాత మోడళ్లలో దాన్ని ఎటు జరిపినా లోపల అపర్చర్ మాత్రం మారదు! ఇలాంటి హోల్గాతోనే అమెరికా ఫోటో జర్నలిస్ట్ డేవిడ్ బర్నెట్ 2000 నాటి అమెరికా ఎన్నికల ప్రచారంలో అధ్యక్ష అభ్యర్థి ఆల్ గోర్‌ను ఫోటో తీసి, మరుసటి ఏడాది వైట్‌హౌస్ ఫోటోగ్రాఫర్ల పోటీలో బహుమతి కొట్టాడు. ఆ చేతికి కెమెరా ఏదైనా ఒకటే అనుకోండి.

నా సలహా: 'వింటేజ్' అని రాసి రేటు పెంచిన పాత డయానా జోలికి పోకండి. ముచ్చట తీరాలంటే మామూలు హోల్గా చాలు, 2015లో ఆగిన తయారీ 2017లో మళ్లీ మొదలైంది. దీని షట్టర్ సుమారు సెకనులో వందో వంతు, కాబట్టి దీనికి 400 రీలు బాగుంటుంది. వెనక మూత ఊడిపడకుండా నల్ల టేపు చుట్టండి. అసలు ఈ సరదా మీకు నిలుస్తుందో లేదో తెలియాలంటే ముందు ఫోన్‌లో ఏదైనా ఉచిత ఫిల్టర్ యాప్‌తో ఒక నెల గడపండి. అందులో తప్పేం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి తాళంచెవికి తగిలించుకునే కొడాక్ చార్మెరా కావాలంటోంది. ఫోటోలు బాగా వస్తాయా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బాగా రావు. 2025లో వచ్చిన ఈ బుల్లి డిజిటల్ కెమెరాకు ఉన్నది 1.6 మెగాపిక్సెళ్లే. 1440×1080 ఫోటో అంటే పోస్టుకార్డు కంటే చిన్న ప్రింటు వరకే నీటుగా వస్తుంది. కానీ అమ్మాయి అడిగేది నాణ్యత కోసం కాదు కదా. రీలు ఖర్చు లేదు, కడిగించే పని లేదు, కొనివ్వండి. దాంతోపాటు మైక్రో ఎస్‌డీ కార్డు కూడా తీసుకోండి. లోపలున్న మెమరీలో రెండు మూడు ఫోటోలకు మించి పట్టవు. ఏ రంగు వస్తుందో పెట్టె తెరిచేదాకా తెలియదని కూడా ముందే చెప్పండి, లేకపోతే ఇంట్లో గొడవ.

ప్రశ్న: డాలస్ నుంచి సంక్రాంతికి ఊరొస్తూ హోల్గా తెచ్చుకుందామనుకుంటున్నాను. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేతో రీళ్లు పాడవుతాయా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: పాత తరహా ఎక్స్‌రే యంత్రాల్లో ఒకటి రెండుసార్లు వెళ్తే 400 రీలుకు పెద్ద టెన్షన్ లేదు. కొత్త సీటీ స్కానర్లతోనే భయం, ఒక్కసారికే ఫిల్మ్ పొగచూరినట్టవుతుంది. చెక్-ఇన్ లగేజీలో అసలే వేయొద్దు, అక్కడి స్కానర్లు ఇంకా బలమైనవి. రీళ్లను పారదర్శకమైన కవరులో విడిగా పెట్టి, చేత్తో చూడమని అడగండి. అమెరికాలో సాధారణంగా ఒప్పుకుంటారు, మన దగ్గర అది అక్కడున్న అధికారి ఇష్టం. దానికంటే సులువు, కెమెరా ఖాళీగా తెచ్చుకుని, రీళ్లు ఇక్కడి అడ్రసుకు ముందే ఆర్డర్ పెట్టుకోవడం. తీసినవాటిని కనుమ అయిన మర్నాడే ల్యాబ్‌కు కొరియర్ చేసేయండి. కడిగిన నెగెటివ్‌కు ఏ స్కానర్‌తోనూ ఇబ్బంది లేదు.